సున్నా చేతుల బడి

వీరవేణి కూతురికి చెముడని మొదట అన్నది పక్కింటి సీతామాలక్ష్మి. అన్నదని వీరవేణికి చెప్పింది పీచు మిల్లులో ఆమె పక్కన నిలబడి కొబ్బరి డొక్కలు అందించే సూరీడమ్మ. సూరీడమ్మకి చెప్పింది తాతబ్బాయి పెళ్ళాం. ఆవిడ మాత్రం కొళాయి దగ్గర స్వయంగా విందిట. "హేమని ఎంత పిలిచినా పలకదంట. బళ్ళో గోడకి చెప్పినా ఒకటే, దానికి చెప్పినా ఒకటేనంట. పాపం, కన్నతల్లికే తెలీదంట" అని సీతామాలక్ష్మి చెబుతుంటే, బిందె నిండి పొర్లిపోతున్నా కొళాయి కట్టకుండా విందిట. ఇన్ని నోళ్ళు మారి వచ్చిన మాట వీరవేణి దగ్గరికి చేరేసరికి చెముడుకి తోడు నత్తి కూడా పుట్టింది.

వీరవేణి నమ్మలేదు. ఇంట్లో హేమ చెవులు ఎలాంటివో ఆమెకు తెలియనివి కావు. వీధి మొదట్లో ఐసుబండి మలుపు తిరిగితే, గంట కొట్టకముందే గుమ్మం దాటే పిల్ల. దొడ్లో అంట్లు తోముతూ తల్లి తనలో తాను తిట్టుకున్న తిట్టుకి, వీధి అరుగు మీంచి లెక్కగా జవాబు చెప్పే పిల్ల. అయినా తల్లి మనసు కాబట్టి ఆదివారంపూట దాన్ని మిల్లు గొడౌనుకి తీసుకెళ్ళింది. గొడౌను నిండా కప్పు దాకా పీచు బేళ్ళు. పిల్లని ఈ చివర నిలబెట్టి, తను ఆ చివరికి పోయి, అటు తిరిగి, పెదవి దాటీ దాటనట్టు అంది.

"రేపు పెసరట్లు ఏత్తాను."

"అల్లప్పచ్చడి కూడా చెయ్యి," అంది హేమ ఈ చివరనుంచి.

వీరవేణి గుండె కుదుటపడింది. మరి బళ్ళో ఏమొచ్చిందే నీకు, అని అడిగింది.

"బళ్ళో మేష్టారు మాటాడతారమ్మా. ఆ మాట ఎల్లి గోడకి కొట్టుకుని ఎనక్కొత్తాది. ఈలోపు ఇంకో మాట అనేత్తారు. అది దీని మీదెక్కేత్తాది. పక్కన మూడో క్లాసోళ్ళ ఎక్కాలు దాని మీదెక్కేత్తాయి. ఇంక మిల్లుంది కదా," అంది హేమ. "ఇక్కడైతే ఎవరి మాట ఆళ్ళ దగ్గరే ఉంటాది."

ఆ బడి హాలు గురించి కొంత చెప్పుకోవాలి. మొగలిలంక బడికి అసలు హాలు లేదు. ప్రభుత్వం వారు ధాన్యం దాచడానికి పొడుగాటి గిడ్డంగి ఒకటి కట్టించారు. సిమెంటు గోడలు, పైన రేకులు. రెండేళ్ళు వరసగా ధాన్యం తడిసి మొలకెత్తడంతో, ఇది ధాన్యానికి పనికిరాదని ఇంజనీర్లు తేల్చి, పిల్లలకిచ్చారు. అందులో మూడో తరగతి ఒక మూల, నాలుగో తరగతి నడుమ, ఐదో తరగతి ఆ చివర. వెనకగోడకి ఆనుకుని పీచు మిల్లు. డొక్కలు చితగ్గొట్టే మిషను పొద్దున్న ఎనిమిదికి మొదలెడితే సాయంత్రం ఐదింటికి గానీ ఊపిరి తీసుకోదు. ఐదో తరగతి ఆఖరి బల్లకీ ఆ మిషనుకీ మధ్య అడ్డం తొమ్మిదంగుళాల గోడ. ఆ బల్ల మీద హేమ.

సోమవారం వీరవేణి పని మానుకుని వెళ్ళి ప్రధానోపాధ్యాయుడు సర్వారాయుడు మేష్టార్ని కలిసింది. ఆయనది ఇరవై రెండేళ్ళ సర్వీసు, పదేళ్ళ గొంతు. మిగతా పన్నెండేళ్ళూ మిరియాల పాల మీద లాక్కొస్తున్నారు.

"మేష్టారూ, మా పిల్లకి మీ పాఠం ఇనపడతల్లేదంటండి."

"నిజమేనమ్మా," అన్నారు మేష్టారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. "నాది నాకే వినపడదు. చెబుతున్నాననే నమ్మకం మీద చెప్పుకుపోతుంటాను."

"గోడలకి చాపల్లా అల్లిన మా పీచు పట్టలు కట్టుకోకూడదాండి? గొడౌన్లో చూడండి, చీమ నడిచినా ఇనపడద్ది."

మేష్టారికి ఆ మాట నచ్చింది. కానీ బడి గోడకి మేకు కొట్టాలన్నా పైవాళ్ళ అనుమతి కావాలి. 'హాలులో మాట వినబడుట లేదు, గోడలకు కొబ్బరి పీచు పట్టలు కట్టుకొనుటకు అనుమతి ప్రసాదించవలెను' అని నాలుగు లైన్లు రాసి పంపారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైవాళ్ళకి వినికిడి మీద గొప్ప ప్రేమ పుట్టి ఉంది. రాజధానిలో ఎవరో పెద్దలు ఒక సదస్సుకి వెళ్ళి, పాఠం వినబడితేనే పిల్లలకి పాఠం వస్తుందని తెలుసుకుని, నివ్వెరపోయి తిరిగొచ్చారట. వెంటనే 'వినికిడి వికాసం' అనే పథకం పుట్టింది. దానికి ప్రతి మండలానికీ ఒక శ్రవణ సమన్వయాధికారి పుట్టాడు. మేష్టారి నాలుగు లైన్లూ అతని బల్ల మీద పడ్డాయి.

పదిహేనో రోజున ఆ అధికారి, భీమశంకరంగారు, జీపులో దిగాడు. వెంట ఒక పెట్టె. పెట్టెలో చప్పుడు కొలిచే యంత్రం. పెట్టె మూత తీసి అందరికీ చూపించి, చెయ్యి తగలకుండా మూసి, బీరువాలో పెట్టించి తాళం వేయించాడు.

"దాంతో కొలవరాండి?" అన్నారు మేష్టారు.

"అది సున్నితమైన పరికరం హెచ్చెమ్‌గారూ. చప్పుడు ఎక్కువగా ఉన్నచోట వాడితే పాడవుతుంది," అన్నాడు భీమశంకరం. "మనం నమూనా నాలుగు ప్రకారం పోదాం."

నమూనా నాలుగు చాలా శాస్త్రీయమైనది. ఉపాధ్యాయుడు తన బల్ల దగ్గర నిలబడి, సహజ కంఠస్వరంతో, 'నా మాట వినబడనివారు చెయ్యెత్తండి' అని ఒకే ఒక్కసారి పలకవలెను. అటుపై ఎత్తిన చేతులను లెక్కించవలెను. ఆ సంఖ్యయే ఆ పాఠశాల యొక్క అశ్రవణ సంఖ్య.

మేష్టారు బల్ల దగ్గర నిలబడ్డారు. మిల్లు ఆడుతోంది. మూడో తరగతి పదమూడో ఎక్కంలో ఉంది. నాలుగో తరగతి ఏదో పద్యంలో ఉంది. పని మధ్యలో తప్పించుకొచ్చిన వీరవేణి కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. మేష్టారు నోరు తెరిచి, కదిపి, మూశారు.

ఐదో తరగతిలో ఒక్క చెయ్యి లేవలేదు. ముందు బల్లవాడు ముక్కు గోక్కోవడానికి ఒక చెయ్యి తీశాడుగానీ అది భుజం దాటలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

"సున్నా!" అన్నాడు భీమశంకరం. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "ముప్ఫై ఎనిమిది మందిలో సున్నా! హెచ్చెమ్‌గారూ, మీరేమిటండీ వినబడటంలేదని రాశారు?"

"వాళ్ళకి ప్రశ్నే వినపడలేదండి."

"చూడండి. వినబడలేదనేది మీ అభిప్రాయం. చేతులు లేవలేదనేది డేటా. నేను అభిప్రాయాలు పైకి పంపలేను."

వీరవేణి ఇంక ఆగలేకపోయింది. "అయ్యా! మా పిల్ల ఆ ఎనకాలుందండి. మీరడిగింది దానికి ఇనపళ్ళేదండి. అందుకే చెయ్యెత్తలేదు."

"వినబడకపోతే చెయ్యెత్తమనే కదమ్మా మేం చెబుతున్నది? ఆ సౌకర్యం మీకోసమే కల్పించాం. మీరు వాడుకోకపోతే మేమేం చేస్తాం?"

"ఉండండి, నేనడుగుతాను," అని ఆమె గిరుక్కున లోపలికొచ్చి, బల్లలు దాటుకుని వెళ్ళి, పిల్ల చెవిలో నోరుపెట్టి అడిగింది. హేమ వెంటనే చెయ్యెత్తింది. ఎత్తడమేమిటి, బల్ల మీదికెక్కి మరీ ఎత్తింది.

భీమశంకరం జాలిగా నవ్వాడు. "చూశారా తల్లీ? ప్రశ్న ఎంత చక్కగా అర్థమైందో! ప్రశ్న వినబడితేనే కదా చెయ్యెత్తింది? వినబడినవాళ్ళు వినబడలేదని చెయ్యెత్తితే అది చెల్లదు. నిబంధన పదకొండు."

వీరవేణి ఆ మాటని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఎక్కడా పట్టు చిక్కలేదు. సబ్బు రాసుకున్న పంది పిల్లలా ఉంది.

ఆ నెలాఖరుకి జిల్లా ఫలితాలొచ్చాయి. మొగలిలంక బడి జిల్లా మొత్తానికి మొదటిది, బహుమతి దానికే. ఆఖరుది ఏదంటే పట్నంలోని ఆదర్శ పాఠశాల. అక్కడ గోడలకి మెత్తటి పలకలు, కిటికీలకి మందపాటి తెరలు, నేల మీద తివాచీ. టీచరమ్మ గుసగుసగా అన్నా ఆఖరి బల్లదాకా పోతుంది. అక్కడ నమూనా నాలుగు చదివితే, ప్రతి పిల్లకీ శుభ్రంగా వినబడి, సగంమంది సరదాకి చెయ్యెత్తారు. మిగతా సగంమంది, వాళ్ళెత్తారు కదా, మనమెత్తకపోతే ఏం బాగుంటుందని ఎత్తారు. ఆ ప్రధానోపాధ్యాయురాలికి సంజాయిషీ కోరుతూ మెమో వెళ్ళింది.

బహుమతి మాట అలా ఉంచితే, మొగలిలంకకి ఇంకోటి కూడా వచ్చింది. అది జాబితా. పిల్లలందరికీ పాఠం వినబడుతోందని శాస్త్రీయంగా రుజువైంది కాబట్టి, రానివాళ్ళకి పాఠం ఎందుకు రావడంలేదు? చెవిలో లోపం లేదు, హాలులో లోపం లేదు. మిగిలింది బుర్ర. కాబట్టి పరీక్షలో సున్నాలు తెచ్చుకున్న ఆరుగురు 'వినియు గ్రహించనివారు' అని తేలారు. జిల్లా కేంద్రంలో వీళ్ళకోసం గ్రహణ పునరుద్ధరణ కేంద్రం ఉంది. అక్కడే తిండి, అక్కడే పడక, పండగలకి కూడా పంపరు. బహుమతి సభనాడే బస్సొచ్చి ఆరుగుర్నీ తీసుకుపోతుంది.

జాబితాలో మొదటి పేరు హేమది.

సీతామాలక్ష్మి ఈసారి మాట మధ్యవర్తుల్ని నమ్మకుండా, స్వయంగా గోడ మీంచి పలకరించింది. "చెముడు కాదంటగా వదినా! బుర్రంట! నే ముందే అనుకున్నాను, పిల్ల చెవులు బాగానే ఉంటాయని."

"నీ నోరు కూడా బాగానే ఉంది వదినా. దానికేదైనా కేంద్రం ఉందేమో కనుక్కుంటాను," అని వీరవేణి లోపలికి పోయి తలుపేసుకుంది. వేసుకున్నాక చాలాసేపు గడప మీద కూచుండిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. దుప్పటి తన్నేసుకుంటుంది. కప్పేవాళ్ళెవరక్కడ?

ఈలోగా మొగలిలంకకి జనం రాక మొదలైంది. 'మొగలిలంక విధానమును పరిశీలించి అనుసరించవలెను' అని సర్క్యులర్ వచ్చింది మరి. వేన్లలో పంతుళ్ళు వచ్చారు, పుస్తకాలు తెచ్చుకుని రాసుకున్నారు. గోడలు నున్నగా ఉండాలి. పైన రేకులుండాలి. ఒక హాలుకి మూడు తరగతులకి తక్కువ ఉండకూడదు. ఒక పంతులమ్మ మిషను చప్పుడు ఫోన్లో పట్టుకుని, "మా బళ్ళో స్పీకర్లో పెట్టుకోవచ్చాండీ?" అని అడిగింది. తిరిగెళ్ళినవాళ్ళు తిరిగెళ్ళినట్టే పనిలో దిగారు. ఆదర్శ పాఠశాలలో పలకలు పీకేశారు, తెరలు విప్పేశారు, తివాచీ చుట్టేశారు. పై నెలలో వాళ్ళ చేతులు తొంభై నుంచి పన్నెండుకి పడిపోయాయి. ఇంకో ఊళ్ళో ప్రధానోపాధ్యాయుడు బడి పక్కనే పిండిమర పెట్టుకుంటే కరెంటు రాయితీ ఇప్పిస్తానని బావమరిదిని బతిమాలుకున్నాడు. మరొకాయన తన బడిని రైలు పట్టాల పక్కకి బదిలీ చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. 'పిల్లల భవిష్యత్తు దృష్ట్యా' అని అందులో ఉంది.

మిల్లు యజమాని, తనకే చెవుల్లో హోరు మొదలైందని, మిషను కింద రబ్బరు దిండ్లు వేయించబోతున్నాడని తెలిసి భీమశంకరం జీపు మీద పరిగెత్తుకొచ్చాడు. "అంతపని చెయ్యకండి సార్. జిల్లా పరువు మీ మిషను మీద ఆధారపడి ఉంది," అని శాలువా కప్పి, 'శ్రవణానుకూల వాతావరణ దాత' అని కాగితం చేతిలో పెట్టాడు. రబ్బరు దిండ్లు వెనక్కి వెళ్ళిపోయాయి.

ఇదంతా చూశాక వీరవేణికి ఒక సంగతి తేటతెల్లమైంది. అనుమతి అనేది మనుషులకొచ్చేది కాదు. సూరీడమ్మనీ మరో నలుగురు ఆడవాళ్ళనీ పోగుచేసింది. పట్టలు అల్లడం వాళ్ళకి చెయ్యి తిరిగిన పని. మిల్లులో తెగిన పీచు ఊరికే పోగుపడి ఉంటుంది, తీసుకుపొమ్మంటే యజమాని కాదనడు. వారం రోజులు సాయంత్రాలు కూచుని, రెండు వేళ్ళ మందాన నలభై పట్టలు అల్లారు.

"మేష్టారూ, ఆదివారం హాలు తాళం కావాలండి."

సర్వారాయుడు మేష్టారు ఆమెవంకా, ఆమె చేతుల్లో రాసుకుపోయిన చర్మంవంకా చూశారు. "తాళం నీకివ్వడానికి నాకు అధికారం లేదమ్మా," అన్నారు. తాళంచెవి జేబులో వేసుకుంటూ, "కానీ నాకు మతిమరుపు. శనివారం పోతూ పోతూ కిటికీలో పెట్టి మర్చిపోతుంటాను," అన్నారు.

సోమవారం పొద్దున్న మేష్టారు హాల్లోకి వచ్చి, "కూచోండర్రా" అన్నారు. అని, ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు. తన వెనక ఇంకెవరో ఉన్నారనుకున్నారు. పన్నెండేళ్ళ తర్వాత తన గొంతు తను వినడం అదే. గోడల నిండా గోధుమరంగు పట్టలు. వెనక మిల్లు ఎక్కడో పక్క ఊళ్ళో ఉన్నట్టుంది. "భాగహారం," అన్నారు నెమ్మదిగా. ఆఖరి బల్ల దాకా పోయింది ఆ మాట. పోయి అక్కడే ఉంది, తిరిగి రాలేదు.

పది రోజుల్లో హేమ మూడంకెల్ని రెండంకెలతో భాగించి, శేషం కూడా చెప్పడం మొదలెట్టింది. పదకొండో రోజున ఇంటికొచ్చి, నెలసరి పరీక్ష కాగితం తల్లి ఒళ్ళో పడేసింది. పాతికకి పంతొమ్మిది. వీరవేణికి అంకెలు చదవడం వచ్చు. అయినా మూడుసార్లు చదివింది.

పన్నెండో రోజు, నెలనెలా పెట్టే నమూనా నాలుగు వచ్చింది.

మేష్టారు బల్ల దగ్గర నిలబడి, సహజ కంఠస్వరంతో, ఒకే ఒక్కసారి, "నా మాట వినబడనివారు చెయ్యెత్తండి," అన్నారు. హేమ తప్ప పిల్లలందరూ ఆ ప్రశ్నని మొట్టమొదటిసారి విన్నారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నిజాయితీగల పిల్లలు. ఇరవై ఒక్క చేతులు లేచాయి.

"ఎందుకెత్తారర్రా?" అన్నారు మేష్టారు.

"ఇన్నాళ్ళూ ఇనపళ్ళేదు కదండీ!" అన్నారు పిల్లలు.

"ఇప్పుడు వినపడుతోందిగా?"

"ఆయ్! అందుకే ఎత్తామండి."

మేష్టారు అబద్ధం రాసే మనిషి కాదు. ఇరవై ఒకటి వేసి సంతకం పెట్టారు.

తెల్లారి తొమ్మిదికల్లా జీపొచ్చింది. భీమశంకరం గుమ్మంలో నిలబడి హాలు చూసిన తీరు ఇంట్లో మనిషి పోయినప్పుడు చూసే తీరు. "ఏమైందండీ దీనికి? నిన్నటిదాకా బాగానే ఉండేది కదండీ?" అన్నాడు. అని, తన గొంతు మరీ స్పష్టంగా వినబడటంతో ఇంకా హడలిపోయాడు.

విచారణ అక్కడే జరిగింది. పట్టలు కట్టింది ఎవరని అడిగితే వీరవేణి ముందుకొచ్చింది.

"ఆమోదిత సామగ్రి జాబితాలో కొబ్బరి పీచు లేదమ్మా."

"ఇది మా ఊరి పీచేనండి."

"అదే వచ్చిన చిక్కు. జాబితాలో ఉన్నవన్నీ బయటినుంచి వచ్చేవి. సున్నా ఉండే బడిని ఇరవై ఒకటి చేశారు. ఇరవైయొక్కమంది పిల్లలకి పన్నెండు రోజుల్లో వినికిడి పోగొట్టారు. దీని తీవ్రత మీకు తెలుస్తోందా?"

"పోలేదండి, వచ్చింది. కావాలంటే పిల్లనడగండి. లెక్కలు చేత్తంది. పంతొమ్మిది మార్కులు."

భీమశంకరం పరీక్ష కాగితం చూశాడు. మెచ్చుకోలుగా తలాడించాడు. "చాలా సంతోషం. కేంద్రానికి పంపుతామనగానే ఇంత మెరుగుపడిందంటే, పంపితే ఇంకెంత మెరుగుపడాలి!"

వీరవేణి ఆ కాగితం వెనక్కి తీసుకుంది. "బాబూ, పిల్ల పేరు కొట్టేయాలంటే ఏం చెయ్యాలో అది చెప్పండి. చేత్తాను."

ఆమె మొహం చూసి అతను కూడా కాస్త మెత్తబడ్డాడు. అతను చెడ్డవాడేం కాదు. అతని జేబులో ఎప్పుడూ నిబంధనల పుస్తకం ఉంటుంది, అంతే. అది తీసి చూశాడు. "ఆ జాబితా మొత్తం సున్నా మీద నిలబడి ఉందమ్మా. సున్నా తప్పని తేలితే జాబితా దానంతటదే రద్దు. ఈ హాల్లో, పట్టలు లేకుండా, నిజంగా వినబడక ఎత్తిన చెయ్యి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నమోదైతే చాలు. నేనే నా చేత్తో కొట్టేస్తాను."

"ఇనపడనోడు ఎలా ఎత్తుతాడండి?"

"అది నా పరిధిలోకి రాదు."

పట్టలు విప్పి జీపులో వేశారు. మళ్ళీ పరీక్ష పెట్టారు. సున్నా వచ్చింది. భీమశంకరం ఊపిరి పీల్చుకున్నాడు. ఇరవై ఒకటి మీద 'బాహ్య వస్తు ప్రభావము' అని రాసి కొట్టేశాడు. నలభై పట్టలూ సాక్ష్యం కింద జిల్లా కార్యాలయానికి వెళ్ళాయి. అక్కడ ఈ పథకం సంచాలకులుగారి సమావేశ మందిరంలో ఒకరి మాట ఒకరికి తెలియనంత హోరుగా ఉంటోందని, ఎవరో తెలివైన గుమాస్తా వాటిని ఆ గోడలకి కట్టించాడట. వినికిడి వికాసం మీద సమీక్షలన్నీ ఇప్పుడు అక్కడ ప్రశాంతంగా జరుగుతున్నాయని చెప్పుకున్నారు.

బహుమతి సభ రోజున పొద్దుటినుంచీ వాన. బంగాళాఖాతంలో ఏదో కదులుతోందని రేడియోలో చెప్పారు. కదిలింది తిన్నగా మొగలిలంక రేకుల మీదికే వచ్చినట్టుంది. హాలు బయట నీలం బస్సు ఆగి ఉంది. అద్దం మీద 'గ్రహణ పునరుద్ధరణ కేంద్రము' అని రాసి ఉంది. బస్సు మెట్టు దగ్గర ఆరు చిన్న రేకుపెట్టెలు. మొదటి పెట్టె మీద, మడతపెట్టి, హేమ దుప్పటి.

సభకి మిల్లు ఆడవాళ్ళని సాయానికి పిలిచారు. శాలువా పళ్ళెం పట్టుకునే పని వీరవేణికి పడింది. ఆమె ఆ పళ్ళెం పట్టుకుని వేదిక మీద సంచాలకులుగారి పక్కన నిలబడింది. కళ్ళు మాత్రం ఆఖరి బల్ల మీద ఉన్నాయి. హేమ కొత్త గౌను వేసుకుని, చేతులు కట్టుకుని కూచుని ఉంది.

సంచాలకులుగారు పెద్ద మనిషి, పెద్ద గొంతు. నలభై నిమిషాలు మాట్లాడారు. పైన వాన, వెనక మిల్లు. ఆ రోజు మిల్లు ఆపవద్దని ప్రత్యేకంగా కోరారు కూడా. మైకులో పడిన ప్రతి మాటా గోడకి కొట్టుకుని మూడై తిరిగొచ్చింది. జనానికి పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. భీమశంకరం జేబురుమాలు ఎత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. తొమ్మిదిసార్లు ఎత్తాడు. ఒకసారి మొహం తుడుచుకోవడానికి తీశాడు, దానికీ కొట్టారు.

"చివరగా," అన్నారు సంచాలకులుగారు, పక్కనున్నవాళ్ళకి మాత్రం వినబడేలా, "ఈ హాలు శ్రవణ నాణ్యతను మనం ప్రత్యక్షంగా చూద్దాం. హెచ్చెమ్‌గారూ, ఆఖరి బల్లనుంచి ఒక విద్యార్థిని లేపండి. పాఠం చదివించండి. నేనిక్కడ నిలబడి వింటాను. అశ్రవణ సంఖ్యను ఇవాళే నమోదు చేద్దాం, ఇక్కడే, మనందరి సమక్షంలో. భీమశంకరంగారూ, ఫారం తెరవండి."

భీమశంకరం ఫారం తెరిచాడు. పెన్ను మూత తీశాడు.

సర్వారాయుడు మేష్టారు గొంతు సవరించుకున్నారు. ఆఖరి బల్ల మీద నలుగురు పిల్లలున్నారు. ఆయన బల్లల మధ్యనుంచి నడుచుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళి, హేమ భుజం మీద చెయ్యి వేసి, పాఠం చదవమని చెవిలో చెప్పారు.

హేమ లేచింది. పుస్తకం తెరిచింది. తలెత్తి చదవడం మొదలెట్టింది. ఎక్కడా తడబడలేదు, ఆగాల్సిన చోట ఆగింది, పేజీ తిప్పింది. ఆ పెదాల కదలిక వీరవేణికి ఇక్కణ్ణుంచి తెలుస్తూనే ఉంది. అది ఆ పాఠం మొత్తం ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని నాలుగుసార్లు చదివింది. వినపడేది మాత్రం పైన వాన, వెనక మిల్లు.

సంచాలకులుగారు తల ఒకపక్కకి వంచారు. తర్వాత ఇంకోపక్కకి వంచారు. చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నారు. కాసేపటికి చిరాకు పుట్టి, మైకు నోటి దగ్గర పెట్టుకునే, "ఏం చదువుతోందీ అమ్మాయి? నాకేం వినబడటంలేదే!" అన్నారు.

భీమశంకరం పెన్ను ఆగిపోయింది. కాగితం మీద గడి ఖాళీగా ఉంది. మేష్టారు ఆ చివర హేమ భుజం మీద చెయ్యి తియ్యకుండా వేదికవైపే చూస్తున్నారు.

వీరవేణి శాలువా పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"అయితే చెయ్యెత్తండి బాబూ," అంది. "ఎత్తకపోతే బయట బస్సులో మా పిల్ల పక్కన మీకూ సీటుంది."